దూడల కడుపులో పాములకు మజ్జిగ, పెరుగు తేట, ముర్రుపాలు: ఏది, ఎప్పుడు, ఎంత?

గోదావరి డెల్టాలో పాడి ఉన్న ఇళ్లలో దూడ నలతపడితే ముందుగా అందరి చూపూ మజ్జిగ కుండ మీదికే వెళుతుంది. పులిసిన మజ్జిగలో వేపాకు రసం కలిపి పోయమని ఒకరు, వాయువిడంగాలు నూరి కలపమని మరొకరు, పెరుగు మీది తేట పట్టిస్తే పాములు పడిపోతాయని ఇంకొకరు చెబుతారు. ఈ సలహాల్లో పనికివచ్చేవీ ఉన్నాయి, దూడ ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. పాల నుంచి వచ్చే ఈ పదార్థాల్లో ఏది ఏ వయసులో ఎంత ఇవ్వాలో, ఏ జబ్బులో వీటిని నమ్ముకొని కూర్చోకూడదో వివరంగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మన ప్రాంతంలో ముర్రా సంకర గేదెలే ఎక్కువ గనుక లెక్కలన్నీ గేదె దూడను దృష్టిలో పెట్టుకొని ఇస్తున్నాను. ఆవు దూడకు కూడా పద్ధతి ఇదే.

ముందుగా శత్రువు ఎవరో తెలియాలి

గేదె దూడలను పుట్టిన నెలా రెండు నెలల్లో ఎక్కువగా బలిగొనేది టాక్సోకారా విటులోరమ్ అనే పెద్ద ఏలిక పాము. ఇది జానెడు పొడవు, కొన్నిసార్లు అంతకు మించి పెరుగుతుంది. ఇది దూడకు ఎలా సోకుతుందో తెలుసుకుంటే సగం పొరపాట్లు వాటంతట అవే ఆగిపోతాయి. తల్లి గేదె మేతతోపాటు మింగిన గుడ్లలోంచి వచ్చిన పిల్ల పురుగులు దాని కండరాల్లోనూ, కాలేయంలోనూ నెలల తరబడి నిద్రాణంగా ఉండి, ఈనే సమయానికి పొదుగులోకి చేరి, పాలతోపాటు దూడ కడుపులోకి దిగుతాయి. దూడ మట్టి నాకకపోయినా, చిక్కం కట్టి ఎంత శుభ్రంగా పెంచినా, తల్లి పాలు తాగిందంటే పాములు వచ్చే అవకాశం ఉన్నట్టే. నిద్రాణంగా ఉన్న పురుగులపై మామూలు నట్టల మందులు పెద్దగా పనిచేయవు గనుక, చూడి గేదెకు మందు వేశాం కదా, ఇక దూడకు అక్కర్లేదనుకోవడం సరికాదు.

పాములు పట్టిన దూడను గుర్తించడం కష్టమేమీ కాదు. పొట్ట కుండలా ఉబ్బి, వెన్ను, పక్కటెముకలు పైకి తేలి, బొచ్చు రేగి ఉంటుంది. పేడ ముందు జిగటగా, తరువాత బంకమట్టి రంగులో, ముక్కు మూసుకొనేంత కంపుతో వస్తుంది. కొన్ని దూడలకు విరేచనాలు కాక మలబద్ధకమే ఉంటుంది. దూడ పళ్లు కొరుకుతూ, కాళ్లతో పొట్టను తన్నుకుంటూ ఉంటుంది. దాని మూతి దగ్గర మీ ముఖం పెట్టి వాసన చూడండి. పాములు ఎక్కువగా ఉంటే ఊపిరిలో చెడిన వెన్నలాంటి పుల్లటి ముక్క వాసన వస్తుంది. అనుభవమున్న పాలేర్లు పేడను చూడకుండానే ఈ వాసనతో చెప్పగలుగుతారు. దూడ ఇప్పుడే మజ్జిగ తాగి ఉంటే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు.

పదో రోజు మందు, దానికి బదులు లేదు

ఈ మాట సూటిగా చెప్పక తప్పదు. మజ్జిగలోని పులుపు పేగులోని పెద్ద ఏలిక పామును చంపదు. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం కడుపు దాటి చిన్నపేగుకు చేరేసరికి ఆ పులుపు విరిగిపోతుంది. పాము ఉండేది ఆ చిన్నపేగులోనే. కాబట్టి దూడకు 10వ రోజు మొదలు 14వ రోజు లోపల పైపరజీన్ వంటి మందును పశువైద్యుడు చెప్పిన మోతాదులో పట్టించి, ఆపైన ఆరు నెలల వయసు వచ్చేవరకు నెలకొకసారి, తరువాత మూడు నెలలకొకసారి నట్టల మందు వేయించాలి. లక్షణాలు కనబడ్డాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమవుతుంది. పాము పెరిగి గుడ్లు పెట్టడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది గనుక, పదిహేను రోజుల దూడ పేడను పరీక్షకు పంపినా గుడ్లు కనబడకపోవచ్చు. పేడ పరీక్షలో ఏమీ లేదన్నంత మాత్రాన ఆ వయసులో మందు మానకూడదు.

మోతాదు దూడ బరువును బట్టి ఉంటుంది గనుక బరువు అంచనా కట్టడం నేర్చుకోవడం మంచిది. ముందు కాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలతను, భుజం ఎముక ముందు భాగం నుంచి తోక మొదలు దగ్గరి ఎముక వరకు పొడవును అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, వచ్చినదాన్ని 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 26, పొడవు 28 అంగుళాలు ఉన్న దూడ సుమారు 29 కిలోలు తూగుతుందన్నమాట. దర్జీ టేపు సరిపోతుంది. టేపు మరీ బిగించకుండా, బొచ్చుకు ఆనేలా పట్టుకుంటే చాలు.

అప్పటికే పొట్ట బాగా ఉబ్బి, తినడం మానేసి, నీరసించిపోయిన దూడకు సొంతంగా మందు పోయవద్దు. పాములన్నీ ఒక్కసారిగా చచ్చి ఉండలు చుట్టుకొని పేగుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. అటువంటి దూడకు ఎంత మందు, ఎన్ని విడతలుగా ఇవ్వాలన్నది డాక్టరే తేల్చాలి. ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించుకోవచ్చు.

ముర్రుపాలు: ఇంట్లోవాళ్ల జున్ను కంటే దూడ వాటా ముందు

పాడి పదార్థాల్లో దూడకు నిజంగా ప్రాణం నిలిపేది ముర్రుపాలే. పుట్టిన దూడ రక్తంలో రోగాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు దాదాపు ఉండవు. అవి ముర్రుపాల నుంచే రావాలి. వాటిని పేగు గోడ యథాతథంగా పీల్చుకునే శక్తి మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువగా ఉండి, ఒక రోజు గడిచేసరికి దాదాపు ఆగిపోతుంది. కాబట్టి పుట్టిన అరగంట నుంచి రెండు గంటల లోపల మొదటి విడత తాగించి, తొలి రోజున మొత్తం మీద దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు, మూడు నాలుగు విడతలుగా అందేలా చూడాలి. మాయ పడేవరకు పాలు తీయకూడదన్న పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. దానివల్ల దూడకు అతి విలువైన ఆ మొదటి గంటలు చేజారిపోతాయి. మాయ కోసం ఆగవద్దు.

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డొస్తుంది. ఈనిన గేదె పాలు జున్నుకోసం చుట్టుపక్కల పంచిపెట్టడం కోనసీమ నుంచి భీమవరం వరకు అందరికీ ఇష్టమైన మర్యాదే. పంచండి, తప్పులేదు. కాకపోతే తొలి రోజు పాలలో దూడ తాగగా మిగిలినదే గిన్నెలోకి వెళ్లాలి. మిగిలిన ముర్రుపాలను శుభ్రమైన సీసాలో పోసి, ఫ్రిజ్‌లోని గడ్డకట్టే అరలో ఉంచితే తల్లి చనిపోయిన దూడకో, పాలు చేపని గేదె దూడకో పనికొస్తాయి. వాటిని వాడేటప్పుడు పొయ్యి మీద కాచకూడదు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసాను ఉంచి కరిగించాలి. కాస్తే ప్రతిరక్షకాలు విరిగిపోయి, దూడకు జున్నే మిగులుతుంది.

పాలద్వారానే పాములు వస్తున్నప్పుడు ముర్రుపాలు ఆపితే సరిపోదా అని అడిగేవారున్నారు. ముర్రుపాలు తాగని దూడ పాముల వరకు బతకదు. మొదటి వారంలోనే పారుడుతోనో, బొడ్డు వాపుతోనో పోతుంది. పాములకు పదో రోజున మందుంది, ముర్రుపాలకు మారు మందు లేదు.

మజ్జిగ ఎప్పుడు, ఎలా

మజ్జిగకు అసలు చోటు మందు వేసిన తరువాత ఉంది. పాములతోనూ, విరేచనాలతోనూ పాడైన పేగులో మంచి సూక్ష్మజీవులు తిరిగి కుదురుకోవడానికి మజ్జిగలోని లాక్టిక్ బ్యాక్టీరియా తోడ్పడుతుంది. పాలలోని చక్కెర కొంత అప్పటికే పులిసి ఆమ్లంగా మారి ఉంటుంది గనుక పాల కంటే తేలికగా అరుగుతుంది. కొంత నీరు, కొంత ఉప్పు, కొంత మాంసకృత్తులు అందుతాయి. ఇంతకు మించి దాని మీద బరువు మోపకూడదు.

తయారీలో శుభ్రతే సగం మందు. దాలి మీదనో, పొయ్యి మీదనో బాగా కాగిన పాలను గోరువెచ్చగా చల్లారనిచ్చి, సాయంత్రం తోడుపెట్టి, ఉదయం కవ్వంతో చిలికి వెన్న తీసేయండి. ఆ మజ్జిగలో కాచి చల్లార్చిన నీళ్లు సమానంగా పోసి, చిటికెడు ఉప్పు వేయండి. కొందరు చిటికెడు శొంఠి పొడో, వాము కాచిన నీళ్లో కలుపుతారు; కడుపుబ్బరానికి అది మంచిదే. మజ్జిగ నాలుకకు జివ్వుమనేంత పులిసినా, పైన బూజు చుక్క కనబడినా దూడకు పనికిరాదు. ఫ్రిజ్‌లోంచి తీసినది అప్పటికప్పుడు పోయవద్దు. పచ్చిపాలతో చేసిన మజ్జిగ, పొదుగువాపు ఉన్న గేదె పాలతో చేసిన మజ్జిగ, యాంటీబయాటిక్ సూదులు వేసిన రోజుల్లో పితికిన పాలతో చేసిన మజ్జిగ, ఈ మూడింటినీ పూర్తిగా మానుకోవాలి.

మూడు వారాల లోపు దూడకు మజ్జిగ అలవాటు చేయవద్దు. ఆ తరువాత మొదటి రోజు ఒక చిన్న గ్లాసుతో ప్రారంభించి, పేడ మారకుండా ఉంటే పెంచుకుంటూ, నెల దాటిన 35, 40 కిలోల దూడకు పూటకు పావు లీటరు చొప్పున రోజుకు రెండుసార్లు వరకు ఇవ్వవచ్చు. నట్టల మందు వేసిన మరుసటి రోజు నుంచి అయిదారు రోజులు ఇలా ఇస్తే చాలు. పాల వాటా తగ్గించి ఆ స్థానంలో మజ్జిగ పోయడం దూడను మోసం చేయడమే అవుతుంది. దాని బరువులో పదో వంతు పాలు రోజూ అందుతూ, ఆపైన మజ్జిగ అదనంగా ఉండాలి. కేంద్రానికి పాలు పోసే ఇంట్లో ఈ మాట చెప్పడం తేలిక, చేయడం కష్టమని నాకు తెలుసు.

తాగించే తీరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కడుపు జబ్బు తప్పించుకున్న దూడ, పోసిన మజ్జిగ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియాతో చనిపోవడం మన పల్లెల్లో అరుదు కాదు. దూడ దానంతట అది తాగితే, లేదా పాలపీక సీసా చప్పరిస్తే అంతకంటే మంచిది లేదు. చప్పరించినప్పుడు ద్రవం మొదటి పొట్టను దాటి నేరుగా నాలుగో పొట్టలోకి వెళుతుంది. తాగనప్పుడు మాత్రమే సీసాతోనో, వెదురు గొట్టంతోనో పోయాలి. దూడను గోడ మూలకు వెనక్కి నిలిపి, ఎడమ చేతిని దవడ కింద పెట్టి, మూతి వెన్నుతో సమానంగా ఉండేంతవరకే ఎత్తండి. ఆకాశం కేసి తల ఎత్తి, నాలుక బయటికి లాగి పోసే పాత పద్ధతి ప్రమాదకరం. నోటి పక్కన, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని సందు ఉంటుంది. అక్కడి నుంచి సీసా మూతి పెట్టి గుక్కెడు పోసి, గొంతు కదిలి గుటక పడింది చూశాకే మరో గుక్కెడు పోయాలి. పొలమారినా, దగ్గినా వెంటనే తల వదిలేసి, కిందికి వంచుకోనివ్వండి. పడుకొని లేవలేని దూడకు నోటిద్వారా ఏదీ పోయకూడదు.

విరేచనాలు ఎక్కువై కళ్లు లోపలికి పోయి, మెడ మీది చర్మాన్ని చిటికెతో లాగి వదిలితే మెల్లగా వెనక్కి వెళుతూ ఉంటే, దూడలో నీరు ఇంకిపోయిందన్నమాట. అప్పుడు కావలసింది మజ్జిగ కాదు. మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్టు మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, కొద్దికొద్దిగా తరచు తాగిస్తూ డాక్టరు కోసం కబురు పంపాలి.

మజ్జిగలో కలిపే మూలికలు

మోదుగ గింజలు, వాయువిడంగాలు, వక్క, వేపాకు, వెల్లుల్లి, గుమ్మడి గింజలు మజ్జిగలో నూరి పోయడం పాత వైద్యం. వీటిలో పసలేదని కొట్టిపారేయడం సరికాదు. మోదుగ గింజల్లోని పలసోనిన్, వాయువిడంగాల్లోని ఎంబెలిన్, వక్కలోని అరెకోలిన్ అనే పదార్థాలకు పురుగులపై ప్రభావం ఉందని శాస్త్రం గుర్తించింది. ఇక్కడ మజ్జిగ చేసే పని మోత పని. చేదు పొడిని గొంతు దిగేలా చేయడమే. చిక్కంతా మోతాదులో ఉంది. ఒక చెట్టు గింజకూ మరో చెట్టు గింజకూ పదును తేడా ఉంటుంది, ఏడాది నిల్వ ఉన్న దినుసులో పస తగ్గుతుంది, అరెకోలిన్ మోతాదు మించితే చొంగ కారి, ఊపిరాడక దూడ పడిపోతుంది. కాబట్టి వక్కను ఇంటి వైద్యంలో వాడవద్దనే చెబుతాను. వాయువిడంగాలను, మోదుగ గింజలను మూడు నెలలు దాటిన దూడలకు, అదీ మూలికా వైద్యం తెలిసిన పశువైద్యుడు తూకం చెబితేనే వాడాలి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ కూడా ఉల్లి, వెల్లుల్లి, వేపాకు, కాకరకాయ, పసుపు వంటి వాటిని బెల్లంతో ముద్ద చేసి తినిపించే పద్ధతిని ప్రచారం చేస్తోంది. ఆసక్తి ఉన్నవారు పాళ్లను పశువుల ఆసుపత్రిలో అడిగి తెలుసుకోవచ్చు.

పాత్ర సంగతి మరవకూడదు. మజ్జిగను రాగి చెంబులోనో, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలోనో రాత్రంతా ఉంచి పాములకు పోసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పులుపు తగిలి పుట్టే చిలుము విషం. రాగి ఒంట్లో పేరుకుంటే గొర్రెలైతే మరీ తట్టుకోలేవు. మట్టి కుండ, గాజు సీసా, స్టీలు గిన్నె, ఇవే వాడండి.

తేట, విరుగుడు నీళ్లు, గసి

పెరుగు మీద తేరే తేటలో పాల చక్కెర, ఖనిజ లవణాలు ఉంటాయి గాని మాంసకృత్తులు తక్కువ. ఇంట్లో వచ్చే కొద్దిపాటి తేటను మజ్జిగలోనే కలిపేస్తే సరి. పనీరు చేసే చోట్ల బిందెలకొద్దీ దొరికే విరుగుడు నీళ్లు మాత్రం వేరే సంగతి. పాలు ఏం వేసి విరిచారో అడిగి తెలుసుకోనిదే తేవద్దు. తెచ్చిన పూటే వాడాలి. పాలు మానిన దూడలకే, తవుడు, చిట్టు కలిపిన కుడితిలో కొద్దిగా కలిపి పెట్టాలి. ఎక్కువైతే దానివల్లే పారుడు పట్టుకొని, పాములవల్లనేమో అని పొరబడతాం. నెయ్యి కాచాక అడుగున మిగిలే గసికి పాములతో సంబంధం లేదు.

మజ్జిగ పనిచేయని జబ్బులు

పేడలో నెత్తురు, చీము జిగట కనబడి, దూడ తోక ఎత్తి ముక్కుతూ ఉంటే అది కాక్సీడియా అనే ఏకకణ జీవి వల్ల కావచ్చు. అది పాము కాదు. నట్టల మందూ, మజ్జిగా రెండూ దానిమీద పనిచేయవు. ఆలస్యం చేయకుండా వేరే మందు పడాలి.

రెండోది కార్జపు జలగ. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలతో ఏడాదిలో ఎక్కువ నెలలు తడిగా ఉండే డెల్టాలో నత్తలకు కొదవ లేదు. జలగ పిల్లలు నత్తలో పెరిగి, బయటికి వచ్చి నీటి అంచున ఉన్న గడ్డికి అంటుకుంటాయి. పాలు తాగే దూడకు ఈ బెడద లేదు. మేత మరిగిన దూడకు వస్తుంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడడం, కంటి రెప్ప లోపలి పొర తెల్లగా పాలిపోవడం దీని గుర్తులు. దీనికి మందు వేరు, వేసే కాలం వేరు. కాలువ గట్టున కోసే పారాగడ్డిని నీటిమట్టానికి పైభాగంలో కోసి, బాగా ఎండనిచ్చి వేయడం, మేత నేర్చిన దూడను కాలువ అంచున కాక కొబ్బరి తోటలో మెరక మీద కట్టడం దూడకు కొంత రక్ష. వరి కోతల తరువాత మేతకొచ్చే జనుము, పిల్లిపెసర ఉన్న రోజుల్లో ఈ తిప్పలు కొంత తగ్గుతాయి.

దూడ పేడే మళ్లీ తల్లికి

ఏలిక పాము గుడ్ల పైపొర మందంగా ఉండి, తడి నేలలో నెలల తరబడి చావవు. పాములున్న దూడ పేడ తల్లి గేదె కట్టుగొయ్య దగ్గర పడితే ఆ గుడ్లు మేతతో తల్లిలోకి వెళ్లి, మరుసటి ఈతలో పుట్టే దూడకు పాలద్వారా చేరతాయి. కాబట్టి మొదటి మూడు నెలలు దూడ పేడను రోజూ విడిగా ఎత్తి, పాకకు దూరంగా పెంటకుప్పలో లోపలికి వేసి కప్పాలి; కుప్ప మాగేటప్పుడు పుట్టే వేడికి గుడ్లు చస్తాయి, పైపైన పారేస్తే చావవు. వానాకాలంలో దూడ కింద ఇసుక పోసి, తడిసినదాన్ని మార్చుకుంటూ ఉండాలి.

మందు వేసిన రెండు వారాలకు నిమ్మకాయంత తాజా పేడను, నేల మీద పడినది కాక వేసేటప్పుడే పట్టినదాన్ని, శుభ్రమైన కవరులో మూటగట్టి, దూడ వయసు, మందు వేసిన తేదీ చీటీ మీద రాసి ఆ పూటే పశువుల ఆసుపత్రికి చేర్చండి. గుడ్లు ఇంకా కనబడితే మందు మార్చాలా, మోతాదు తక్కువైందా అన్నది డాక్టరు చెబుతారు. అప్పటిదాకా మజ్జిగ ఆపనక్కర్లేదు.